ఇత్తడి మీది మనిషి

మా షాపులో మనుషుల ముఖాలు నేను చూస్తాను, వస్తువులు త్రివేణి చూస్తుంది. ఈ పంపకం ఎవరూ కూర్చుని చేసింది కాదు. కోదాడ బస్టాండు వెనక సందులో ఫ్లెక్సీలు, ఫోటోలు వేసే షాపు పెట్టి నాకు ఇరవై రెండేళ్లయింది. ఇన్నేళ్లలో ఎన్ని ముఖాలు తెల్లగా చేశానో నాకే తెలియదు. పుట్టినరోజు ఫ్లెక్సీ వేయించుకునే ప్రతి నాయకుడికీ పదేళ్లు తగ్గాలి, పక్కన నిలబడ్డవాడికంటే జానెడు ఎత్తు పెరగాలి. పైగా వెంట వచ్చినవాళ్లు కుర్చీ వెనక చేరి, "భాస్కరన్నా, జర గడ్డం కింద సూడు" అంటూ నా మెడ మీద ఊపిరి వదులుతుంటారు. త్రివేణి చేరిన మొదటి నెలలోనే తేల్చి చెప్పేసింది. "ముఖాలు నాతోని కాదన్నా. గిన్నెలియ్యి, బియ్యం సంచులియ్యి, పచ్చడి సీసాలియ్యి, చేస్త. అవి నా ఎనక నిలబడి మాట్లాడయి."

త్రివేణిది సూర్యాపేట. తండ్రి మంగయ్య అక్కడ బట్టలు కుట్టేవాడు. డిగ్రీ చదువుతూ ఫోటోలు దిద్దే పని నేర్చుకుని, నేను షాపు అద్దానికి అంటించిన కాగితం చూసి లోపలికి వచ్చింది. వచ్చిన రోజు నేనేదో పరీక్ష పెట్టానని అనుకుంటుంది గానీ, పెట్టలేదు. ఆ రోజు కరెంటు లేదు. కరెంటు వచ్చేదాకా ఊరికే కూర్చుని, ఎదురుగా ఉన్న నీళ్ల గ్లాసును అటూ ఇటూ జరుపుతూ దాని నీడ చూసుకుంటూ ఉంది. ఈ పిల్ల పనికొస్తుందని నాకప్పుడే అనిపించింది.

మిర్యాలగూడ మిల్లులవాళ్లు సంచి మీద వేయడానికి అన్నం ఫోటో పంపితే అది హాస్టల్ అన్నంలా ఉండేది. త్రివేణి విరిగిన మెతుకులన్నీ ఒక్కొక్కటే ఏరేసి, మంచి మెతుకులు తెచ్చి పేర్చేది. ఆవిరి కావాలంటే కంప్యూటర్లో దొరికే ఆవిరి అంటించేది కాదు. నల్లగుడ్డ ముందు అగరొత్తి వెలిగించి, ఆ పొగను ఫోటో తీయించి, దాన్నే అన్నం మీద పలచగా పరిచేది. అన్నిటికంటే ఎక్కువసేపు నీడల దగ్గర కూర్చునేది. నీడ సరిగ్గా పడకపోతే గిన్నె గాలిలో ఉన్నట్టుంటుందని ఆమె గొడవ. ఒక స్వీటు షాపాయన పెట్టెలో పన్నెండు లడ్లుంటే పదహారు చేసిపెట్టమన్నాడు. చేయనంది. "రంగు పెంచుత, మెరుపు పెంచుత. లడ్లు పెంచ" అంది. ఆయన అలిగి వేరే షాపుకు పోయి, మూడు నెలల తర్వాత ఏమీ జరగనట్టు మళ్లీ వచ్చాడు.

ఫోటోలు తీసే ప్రేమ్ కుమార్ కూడా త్రివేణికి మా షాపులోనే తగిలాడు. వాడిది చిలుకూరు. తల్లి రుక్కమ్మకు గొర్రెలున్నాయి, ఇప్పటికీ తనే కాస్తుంది. వీడు పదో తరగతి దాకా సెలవుల్లో గొర్రెల వెంట తిరిగి, తర్వాత కెమెరా పట్టాడు. ముందు పెళ్లిళ్లు తీశాడు. నవ్వండి, ఇటు చూడండి అని మనుషుల్ని బతిమాలే ఓపిక లేక వస్తువుల్లోకి దిగాడు. నేను ఎక్కడికి పంపితే అక్కడికి బండేసుకుని పోయి, ఫోటోలు తీసి, కెమెరా కార్డు తెచ్చి త్రివేణి బల్ల మీద పడేసేవాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇత్తడి, రాగి, స్టీలు సామాను ఫోటో తీయడం మహా చిరాకు. ఎదురుగా ఏముంటే అది వాటి మీద కనిపిస్తుంది. తీసేవాడు ఎదురుగానే ఉంటాడు కాబట్టి ముందు వాడే కనిపిస్తాడు. దీనికి మందు లేకపోలేదు. వస్తువు చుట్టూ తెల్లగుడ్డ గుడారంలా కట్టి, ఒక కన్నం పెట్టి, అందులోంచి తీయాలి. కట్టడానికి, ముడతలు లాగడానికి, వస్తువు మార్చినప్పుడల్లా మళ్లీ సర్దడానికి బోలెడు సమయం పడుతుంది. ప్రేమ్ కుమార్ బద్ధకస్తుడు. గుడ్డ కట్టేవాడు కాదు. బిందె పొట్ట మీద వాడే, చెంబు మెడ మీద వాడే, తాంబాళం అంచున కూడా వాడే. కాళ్లు పొట్టిగా, తల పెద్దగా, స్టాండు మీది కెమెరాలోకి వంగి చూస్తూ ఉండేవాడు. త్రివేణి కూర్చుని వాణ్ణి తుడిచేది. తుడవడం అంటే రబ్బరుతో చెరిపినట్టు కాదు. మనిషిని తీసేసిన చోట ఇత్తడి రంగు, మెరుపు, వంపు మళ్లీ పుట్టించాలి.

"గుడ్డ కట్టరాదయ్యా" అని త్రివేణి అంటే, "నువ్వున్నవ్ గద తుడువనీకి" అనేవాడు. ఏడాదిపాటు వాణ్ణి గిన్నెల మీద తుడిచి తుడిచి, చివరికి వాణ్ణే పెళ్లి చేసుకుంది. సాక్షి సంతకం నేనే పెట్టాను. పెళ్లయ్యాక కూడా వాడు గుడ్డ కట్టలేదు. నాలుగేళ్లు అట్లాగే గడిచాయి. "పొద్దుగాల లేస్తే ఇంట్ల నీ ముఖమే, ఈడ నీ ముఖమే" అని ఈమె సణగడం, వాడు పళ్లికిలించడం నాకు రోజూ కనిపించేది.

నవంబరు మొదటి వారంలో మిర్యాలగూడ నుంచి సత్యవతమ్మ పని వచ్చింది. ఆమెకు అక్కడ ఇత్తడి, రాగి సామాను షాపుంది. పెళ్లిళ్ల కాలానికి ఫోటోల పుస్తకం వేయించుకోవాలనుకుంది. ముప్పై రెండు వస్తువులు. ప్రేమ్ పొద్దున్నే బండి మీద పోయాడు. చీకటి పడ్డాక తిరిగి వస్తూ, నేరేడుచర్ల దాటాక, రోడ్డు మీద ఆపి ఉన్న వడ్ల ట్రాక్టర్ను వెనక నుంచి గుద్దాడు. ట్రాక్టరుకు వెనక ఎర్ర లైటు లేదు. నేను దవాఖానకు పోయి చూసి వచ్చాను. అక్కడ ఏం చూశానో రాయను. కెమెరా సంచి మాత్రం నాకిచ్చారు. దానికి గీత కూడా పడలేదు.

త్రివేణి ఏడవలేదు. చిలుకూరులో వాళ్లింటి ముందు ఆడవాళ్లంతా శోకాలు పెట్టి, వాడు చిన్నప్పుడు చేసిన పనులన్నీ పేరుపేరునా తలుచుకుని ఏడుస్తుంటే, ఈమె గోడకు ఆనుకుని కూర్చుని, ఎవరు నీళ్లిస్తే తాగింది, ఎవరు లెమ్మంటే లేచింది. "పిల్లకు బాధ లేనట్టుంది" అని ఒకామె నాకు వినబడేటట్టే అంది. నాకు ఒళ్లు మండింది గానీ నోరు రాలేదు. నిజానికి నాకూ ఏమీ అనిపించడం లేదు. చలికాలం పొద్దున్నే బండి నడిపితే చేతివేళ్లు ఉన్నాయో లేవో తెలియదు చూడండి, లోపలంతా అట్లాగే ఉంది. అందరికీ కుర్చీలు వేశాను, టెంటు వాడితో గొడవపడ్డాను. మర్నాడు షాపు తెరిచి ఎవరిదో నాయకుడి గడ్డం దిద్దాను.

పదో రోజు కర్మకు ఫ్లెక్సీ నేనే వేశాను. వాడి పెళ్లినాటి ఫోటో పెట్టాను. రుక్కమ్మ దాని ముందు నిలబడి, "కోటేసుకున్న గీ పిలగాడెవడో నాకెర్క లేదు. నా కొడుకు గిట్ల ఉండడు" అంది. అది నిజమే. ఆ కోటు కిరాయిది.

ఆ రోజే సత్యవతమ్మ వచ్చింది. మిర్యాలగూడ నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. ఆమెవరో తెలిసేసరికి రుక్కమ్మ లేచింది. "పొద్దూకేదాంక నా కొడుకును నిలబెట్టుకున్నది గీమెనే. వెలుతురుండంగ పంపితే ఇంటికొచ్చేటోడు. గిన్నెల కోసం నా కొడుకును మింగినవ్" అని నలుగురి ముందూ అరిచింది. ఇంకా చాలా మాటలంది. సత్యవతమ్మ చేతులు కట్టుకుని తల వంచుకుని నిలబడింది. ఒక్క మాట తిరిగి అనలేదు. త్రివేణి అక్కడే విస్తళ్లు పరుస్తోంది. అన్నీ విన్నది. విస్తళ్లు పరుస్తూనే ఉంది.

రుక్కమ్మను చల్లార్చాలని నేనొక తెలివితక్కువ పని చేశాను. పక్కకు తీసుకుపోయి, "అమ్మా, ఆఖరి రోజు తీసిన గిన్నెల ఫోటోల మీద ప్రేమ్ కనిపిస్తడు. ఎప్పుడు తీసినా కనిపిస్తడు. కోటు లేకుండ, ఎట్లుంటడో అట్లనే ఉంటడు" అన్నాను. ఆమె ఏడుపు టక్కున ఆగింది. "సచ్చిపోయిన నాటిదా?" అంది. అవునన్నాను. "గది నాకు గావాలె. నెల మాసికం నాడు నీ షాపుకొస్త. తీసి పెట్టు సారూ" అని నా చెయ్యి పట్టుకుంది. త్రివేణి విస్తళ్ల దగ్గర్నుంచి నా వైపు చూసింది. ఆ చూపు నాకప్పుడు అర్థం కాలేదు.

పదహారో రోజు త్రివేణి షాపుకు వచ్చేసింది. ఇంకో నెల ఇంట్లో ఉండమ్మా అంటే, ఇంట్లో ఉండి ఏం చేయాలి అంది. కెమెరా సంచి ఆమె చేతికిచ్చాను. కార్డు తీసి సొరుగులో పెట్టి, పాత పనులు ముందేసుకుంది. పని ఎప్పటిలాగే చకచకా చేసేది. అడిగితే మాట్లాడేది, ఒంటిగంటన్నరకు డబ్బా విప్పి తినేది. ఒకరోజు కారప్పొడి ప్యాకెట్ మీదికి మిరపకాయల బొమ్మ చేసి నాకు చూపించింది. మిరపకాయలు గాలిలో తేలుతున్నాయి. ఒక్కదానికీ నీడ పెట్టలేదు. ఆరేళ్లలో ఆమె నీడ మరిచిపోవడం అదే మొదలు. ఏమీ అనకుండా నేనే పెట్టి పంపేశాను.

రెండు రోజులకోసారి గుర్తు చేసేవాణ్ణి. "రుక్కమ్మ వస్తది. బొమ్మ తీసినవా?"

"సూస్త అన్నా."

ఇరవయ్యో రోజు దాటినా కార్డు సొరుగులోనే ఉంది. భయమేమోననుకున్నాను. చూస్తే ఏడుపొస్తుందని భయపడుతోందేమో, రానీ, వస్తే మంచిదే కదా అని కూడా అనుకున్నాను. చివరికి ఆమె ఏదో పని మీద బ్యాంకుకు పోయినప్పుడు సొరుగు తెరిచి కార్డు నేనే పెట్టి చూశాను.

ముందు ముప్పై రెండు ఫోటోలున్నాయి. అన్నిట్లో వాడున్నాడు. గళ్ల చొక్కా, మోచేతుల దాకా మడిచిన చేతులు. రాగి బిందె మీద ఎర్రగా, ఇత్తడి కుందుల మీద సన్నగా పొడుగ్గా ఉన్నాడు. తర్వాతిది ఒకటి విడిగా ఉంది. అందులో గిన్నె మీద వాడు, ఒక కంటికి కెమెరా, తల వంచి భుజానికీ చెవికీ మధ్య ఫోను. ఆ తర్వాత మళ్లీ మొదటి నుంచి అవే ముప్పై రెండు వస్తువులు. ఈసారి వాడు లేడు. చుట్టూ తెల్లగుడ్డ, నడుమ కెమెరా కన్ను నల్లచుక్క, అంతే. ఎప్పుడూ గుడ్డ కట్టనివాడు ఆ రోజు ఎందుకు కట్టాడా అని టైములు చూశాను. మొదటి వరుస మూడు గంటల ఇరవై నిమిషాలకు అయిపోయింది. రెండో వరుస నాలుగింటికి మొదలై సాయంత్రం ఆరు దాటాక ముగిసింది.

సత్యవతమ్మకు ఫోను చేశాను. ఆమె ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా ఫోటోలేవని అడగలేదు. ఆ మాట ముందు చెప్పి, తర్వాత అడిగాను, రెండుసార్లు ఎందుకు తీశాడని.

సత్యవతమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "మీ దగ్గర పనిచేసే ఆ పిల్లే ఫోన్ చేసిందండి. తీసినవి నాలుగు ఫోన్లో పంపించాడు ఆమెకి. అన్నిట్లో నువ్వే ఉన్నావు, తుడవడం నావల్ల కాదు, గుడ్డ కట్టి మళ్లీ తియ్యమంది. స్పీకర్ పెట్టి మాట్లాడాడు కొంచెంసేపు, నాకు వినపడింది. వెలుతురు పోతోంది, రేపు వస్తానన్నాడు. రేపు సూర్యాపేటలో పనుంది కదా, ఇవాళే అవగొట్టుకుని రా అంది. నవ్వుకుంటూనే మాట్లాడుకున్నారండీ ఇద్దరూ. నేనే లోపల్నుంచి తెల్లదుప్పటి తెచ్చిచ్చాను."

"మరి ఆ రోజు రుక్కమ్మ అన్ని మాటలంటుంటే చెప్పలేదేం?"

"నన్ను తిడితే నేను మిర్యాలగూడ వచ్చేస్తానండి. ఆ పిల్ల ఎక్కడికి పోతుంది?" అంది సత్యవతమ్మ.

ఫోను పెట్టేశాక కార్డు తీసి సొరుగులో ఎట్లా ఉందో అట్లా పెట్టేశాను. అప్పుడు అర్థమైంది ఆ పిల్ల నావైపు ఎందుకట్లా చూసిందో. నా నోటి దురద కొద్దీ చెప్పిన మాటతో ఆమెను గోడకు నెట్టాను. బొమ్మ ఇస్తే రుక్కమ్మ ఆ రోజు గురించి అడుగుతుంది. అడిగితే ఫోను సంగతి వస్తుంది. ఇవ్వకపోతే ఆ తల్లికి కొడుకు ఆఖరి బొమ్మ దక్కదు. ఏం చేయాలో నాకు తోచలేదు. త్రివేణి బ్యాంకు నుంచి వచ్చాక, తెలిసినట్టు కనబడకుండా ఉండటానికి ఫ్లెక్సీ మిషను దగ్గర నిలబడి నూనె పెట్టాను. దానికి అంతకు ముందురోజే పెట్టి ఉన్నాను.

మాసికం ఇంక రెండు రోజులుందనగా, మధ్యాహ్నం తిన్న తర్వాత, త్రివేణి సొరుగు తెరిచి కార్డు తీసింది. కంప్యూటర్ మూలన గడియారం చూసింది. మొదటి వరుస తెరిచి, మొదటి బిందె మీద ప్రేమ్‌ను తుడవడం మొదలుపెట్టింది.

మా షాపులో ఒక పద్ధతి ఉంది. అది నా పిసినారి పద్ధతే. డిస్కు ఎప్పుడూ నిండిపోయి ఉంటుంది కాబట్టి, బొమ్మ తెరిచామా, దిద్దామా, దాని మీదే సేవ్ కొట్టామా, పంపేశామా. పాతది ఉండదు. త్రివేణికి ఆ పద్ధతి నేర్పింది నేను. అంటే తుడిచిన ప్రతి బిందెతో పాటు వాడు నిజంగానే పోతాడు.

"త్రివేణీ, ఎనక శుభ్రంగ తీసినవి ఉన్నయి. అవి పంపరాదు" అన్నాను. నాకెట్లా తెలుసని ఆమె అడగలేదు. ఆగనూ లేదు. ముందు చొక్కా పోయింది, తర్వాత చేతులు, చివరికి తల పోయాయి. అక్కడ రాగి రంగు పోసి, పైనుంచి కిందికి ఒక మెరుపు గీత లాగి, బిందె కింద నీడ సరిచేసింది. రెండోది తెరిచింది.

"నేను చెప్పేది ఇనబడుతుందా? రుక్కమ్మకు ఏం చూపిస్తవ్?"

"పని చేసుకోనియ్యి అన్నా."

నాకు కోపం వచ్చింది. పెద్దగానే అరిచాను. ఇన్ని రోజులు రాని నోరు అప్పుడు వచ్చింది. గుండె ఉందా లేదా అన్నాను, చిలుకూరు ఆడవాళ్లు అన్నది తప్పు కాదన్నాను. ఆ మాట అన్నందుకు ఇవాళ్టికీ సిగ్గుపడుతున్నాను. ఆమె ఏడవలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. మౌసును జరిపే చెయ్యి తప్ప ఇంకేదీ కదల్లేదు. అక్కడ ఉండలేక బయటికి పోయి, బస్టాండులో టీ తీసుకుని, చల్లారిపోయాక పారబోసి వచ్చాను. వచ్చేసరికి పద్దెనిమిదో పందొమ్మిదో నడుస్తోంది. కూర్చుని చూస్తూ ఉండిపోయాను. అంత నాణ్యమైన పని ఆమె అంతకు ముందు కూడా చేయలేదు. ఒక్కో గిన్నె అయిపోయాక, అక్కడ ఎప్పుడైనా మనిషి నిలబడ్డాడంటే ఎవరూ నమ్మరు.

ముప్పై రెండూ అయ్యాక మళ్లీ గడియారం చూసింది. లేచి చేతులు కడుక్కుంది. తర్వాత గుడ్డ కట్టి తీసిన వరుసను తెరిచి, పైపైన సరిచేసి, వాటినే సత్యవతమ్మకు పంపింది. అంటే అంతసేపు తుడిచినవి ఎవరికీ కాదు.

"మరి ఎందుకు తుడిసినవ్?" అని అడిగాను.

"ఊకెనే" అంది.

మాసికం నాడు రుక్కమ్మ చిలుకూరు నుంచి బస్సులో పదకొండింటికి వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, బొమ్మ మడత పడకుండా తీసుకుపోవడానికి ఒక అట్టముక్క తెచ్చుకుంది. ఆ అట్టముక్క చూసి నేను తల తిప్పుకున్నాను. కార్డు చెడిపోయిందని అబద్ధం సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఆ రోజు కార్డు చేతిలో ఉన్నప్పుడే ఒక కాపీ తీసి పెట్టుకుని ఉంటే ఎంత బాగుండేదని రెండు రోజులుగా నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

నేను నోరు తెరిచేలోపే త్రివేణి తన పక్కన స్టూలు వేసింది. "రా అత్తా. ఈడ కూసో" అంది.

తెర మీద రాగి బిందె వచ్చింది. దాని పొట్ట మీద ప్రేమ్ ఉన్నాడు. తర్వాత చెంబు, దాని మీదా ఉన్నాడు. తుడిచినవాటిని ఆమె వేరే పేరుతో దాచింది. ఆరేళ్లలో నా పద్ధతి తప్పడం అదే మొదటిసారి. నేను పక్కనున్న ఫ్లెక్సీ చుట్ట మీద కూర్చుండిపోయాను. నెల రోజుల్లో నాకు సంతోషమనేది కలగడం అప్పుడే.

రుక్కమ్మకు ముందు కనబడలేదు. బిందెను బిందెలాగే చూస్తోంది. త్రివేణి బొమ్మ పెద్దది చేసి, వేలితో చూపించింది. "గిది తల. గిది చెయ్యి అత్తా. గిది కెమెరా."

రుక్కమ్మ తెరకు దగ్గరగా వంగింది. "గింత పొట్టిగున్నడేంది?"

"బిందె వంపుకు గట్ల కనిపిస్తది."

"గళ్లంగి. నేనే కొనిచ్చిన, కోదాడ సంతల" అంది రుక్కమ్మ. అట్లా ఒక్కొక్క గిన్నె చూసింది. తొందరేమీ లేదు. కుందుల మీద సన్నగా సాగిపోయి ఉంటే, బువ్వ తినలేదా ఏంటి గిట్లయిండు అంది. ముప్పై రెండూ అయ్యాయి. అక్కడ ఆపేయొచ్చు. త్రివేణి ఆపలేదు. ముప్పై మూడోది తెరిచింది. ఫోను భుజం మీద పెట్టుకుని ఉన్నది. నేను లేచి మెయిన్ స్విచ్చు కట్టేద్దామా అన్నంత పని చేయబోయాను.

"ఫోన్ల ఎవలున్నరు?" అంది రుక్కమ్మ.

"నేనే అత్తా."

"ఏమంటుండు?"

త్రివేణి మౌసు మీది నుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. "రేపొచ్చి తీస్త అంటుండు. నేనే వద్దన్న. అన్నిట్ల నువ్వే కనిపిస్తున్నవ్, గుడ్డ కట్టి ఇయ్యాలనే మళ్ల తియ్యి అన్న. నేను అనకపోతే మూడున్నరకే ఎల్లేటోడు. సత్యవతమ్మ ఉంచుకోలే అత్తా. నేనే ఉంచిన."

గిన్నెల గురించి చెప్పినట్టే చెప్పింది. పైన ఫ్యాను తిరుగుతోంది. బయట బస్టాండు మైకులో హుజూర్‌నగర్ బస్సు పేరు రెండుసార్లు చెప్పారు. రుక్కమ్మ తెర మీది నుంచి కళ్లు తీయలేదు.

"గిన్నెల మీద నా కొడుకు కనిపిస్తే ఏమయితది?" అంది.

"ఏం గాదు. నేను తుడుస్త. ఎప్పుడు నేనే తుడుస్త."

"గా దినం నువ్వే తుడుసుకుంటే ఎంతసేపు పడుతుండె?"

"రెండు గంటల పది నిమిషాలు" అంది త్రివేణి. "మొన్న కూసోని తుడిసి సూసిన."

రుక్కమ్మ మొదటిసారి తల తిప్పి కోడలి ముఖం చూసింది. తిడుతుందేమోనని నేను ముందుకు జరిగాను. తిట్టలేదు. దగ్గరికీ తీసుకోలేదు. ఒళ్లో ఉన్న అట్టముక్కను అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. త్రివేణి కూడా అట్లాగే కూర్చుంది. ఆమె కళ్లల్లో ఇప్పటికీ తడి లేదు.

"గిదే తీసియ్యి" అంది రుక్కమ్మ, తెర మీద ఉన్న ఆ ముప్పై మూడోదాన్నే చూపిస్తూ. "నీతోని మాట్లాడుతున్నదే ఇయ్యి."

త్రివేణి దాన్ని ప్రింటుకు పెట్టింది.